గుమ్మటమెక్కిన నాయిక: బెలూన్ యాత్రికురాలిపై చారిత్రక ప్రేమ నవల రాసే పద్ధతి

కర్నూలులో హంద్రీ ఒడ్డున గోల్ గుమ్మజ్‌ను చూస్తూ పెరిగిన రచయితకు ఈ విషయంలో ఒక సౌకర్యం ముందే సమకూరి ఉంది. తెలుగులో గుమ్మటం అనే మాట కట్టడం నెత్తిన ఉండే గుండ్రని కప్పుకూ చెల్లుతుంది, గాలిలో తేలే బెలూన్‌కూ చెల్లుతుంది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత 1892 ప్రాంతంలో మొదటిసారి బెలూన్‌ను చూసిన ఒక కర్నూలు ముసలమ్మ చేత "అమ్మా, గుమ్మజు లేచిపాయ!" అనిపించడానికి మనం ఏ అలంకారాన్నీ వెతకవలసిన పని లేదు, ఊరూ భాషా కలిసి ఆ వాక్యాన్ని సిద్ధం చేసి ఉంచాయి. తొలితరం బెలూన్ యాత్రికురాలిని నాయికగా పెట్టుకొని తెలుగులో చారిత్రక ప్రేమ నవల రాయదలచిన వారికోసం, నేను తప్పులు చేసి నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ఆ తప్పుల్లో పెద్దదాన్ని ముందుగా ఒప్పుకోవాలి. నా మొదటి చిత్తుప్రతిలో నాయిక గండికోట లోయ మీదుగా తేలిపోతూ, కింద గుర్రం మీద వస్తున్న నాయకుణ్ణి చూసి, తాడు లాగి బెలూన్‌ను ఎడమకు తిప్పుతుంది. ఆ ప్రతిని చదివిన ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, అంచున పెన్సిలుతో "దీనికి చుక్కాని ఉండదు నాయనా" అని మాత్రం రాసి తిరిగి ఇచ్చారు. ఆ ఒక్క మాటతో సగం నవల కూలిపోయింది. బెలూన్ గాలి ఎటు పోతే అటే పోతుంది; యాత్రికురాలి చేతిలో ఉన్నది ఎత్తు ఒక్కటే. ఇసుక పారబోస్తే పైకి లేస్తుంది, నెత్తిన ఉన్న కవాటం తాడు లాగితే గ్యాసు పోయి కిందికి దిగుతుంది. వేర్వేరు ఎత్తుల్లో గాలి వేర్వేరు దిక్కులకు వీచవచ్చు కనుక, పైకో కిందికో జరిగి తనకు అనువైన గాలిని వెతుక్కోవడం వరకే ఆమెకున్న స్వేచ్ఛ. పంతొమ్మిదవ శతాబ్దపు ఆడదాని బతుకును ఇంత కచ్చితంగా పట్టి చూపే యంత్రం నాకు మరొకటి కనబడలేదు. అందుచేత బెలూన్‌ను పెళ్లిపందిట్లో మామిడి తోరణంలా ఒక మూల కట్టి వదిలేయకుండా, కథలోని ప్రతి మలుపునూ దాని పనితీరులోనుంచే పుట్టించాలన్నది ఈ వ్యాసంలో నేను పదే పదే చెప్పబోయే విషయం.

నిజంగా ఎగిరిన స్త్రీలు

నాయికను ఊహించడానికి ముందు, నిజంగా ఎగిరిన వారి జీవితాలను తేదీలతో సహా ఒక పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. మనుషులు తాళ్లకు కట్టని బెలూన్‌లో తొలిసారి ఎగిరింది 1783 నవంబరు 21న, పారిస్‌లో. ఆ ప్రయాణం సుమారు ఇరవై అయిదు నిమిషాలు సాగింది, అంటే మన లెక్కలో ఒక ఘడియ. ఏడు నెలలైనా గడవకముందే, 1784 జూన్ 4న, లియాన్ నగరంలో ఎలిజబెత్ తీబ్ల్ అనే ఆమె రోమన్ల దేవత మినర్వా వేషం వేసుకొని బుట్టలోకి ఎక్కి, పాట పాడుతూ ఆకాశానికి లేచింది. 1798లో ఆంద్రె జాక్ గార్నెరిన్ ఒక స్త్రీని తనతో పైకి తీసుకుపోతానని ప్రకటించినప్పుడు పారిస్ పోలీసులు అడ్డుపడ్డారు. పైన గాలి ఒత్తిడి తగ్గితే సుకుమారమైన ఆడ శరీరానికి ఏమవుతుందోనని ఒక భయం, పరాయి స్త్రీపురుషులు అంత దగ్గరగా మసలడం నీతికి తగునా అని మరొక భయం. చివరకు మంత్రుల దాకా పోతే, ఇద్దరూ కలిసి ఒక బండి ఎక్కడంలో లేని తప్పు బెలూన్ ఎక్కడంలోనూ లేదని తేల్చారు. ఈ వివాదాన్ని అలాగే పట్టుకొచ్చి కడప కలెక్టరు కచేరీలో పెట్టి చూడండి. బండి అన్నచోట ఎద్దులబండి అని మారిస్తే చాలు, ఒక అధ్యాయం మొత్తం నడుస్తుంది. గార్నెరిన్ భార్య జాన్ లాబ్రోస్ 1799 అక్టోబరు 12న సుమారు 900 మీటర్ల ఎత్తు నుంచి పారాచూట్‌తో దిగి, ఆ పని చేసిన మొదటి స్త్రీగా నిలిచింది.

వీరందరిలో నవలా రచయిత ఎక్కువ కాలం గడపవలసింది సోఫీ బ్లాన్షార్ దగ్గర. ఆమె 1778లో లా రొషెల్ పట్టణం దగ్గర పుట్టింది. చిన్న మనిషి, బెదురు మనిషి. గుర్రపు బండి ఎక్కాలన్నా భయపడేదని సమకాలికులు చెప్పుకున్నారు. అటువంటి మనిషి 1804 డిసెంబరులో మార్సేలో భర్తతో కలిసి మొదటిసారి పైకి లేచి, ఆ నిశ్శబ్దానికి వశమైపోయింది. భర్త జాన్ పియెర్ బ్లాన్షార్ పేరున్న వైమానికుడే గాని డబ్బు నిలవని మనిషి. 1809లో ఆయన పోయేనాటికి మిగిలినవి అప్పులే. ఆమె తానుగా ప్రదర్శనలిచ్చి ఆ అప్పులు తీర్చడానికి పూనుకుంది, నెపోలియన్ ఉత్సవాలకు ఆస్థాన వైమానికురాలైంది, ఆయన పడిపోయి పద్దెనిమిదవ లూయీ వచ్చాక ఆయన కొలువులోనూ అదే గౌరవం పొందింది. 1812లో ట్యూరిన్ నగరం మీద ఎగిరినప్పుడు చలికి ముక్కు నుంచి రక్తం కారి, చేతుల మీద, ముఖం మీద మంచు పేరుకుంది. 1819 జూలై 6న పారిస్‌లోని టివోలీ తోటలో, తెల్లని దుస్తులు, ఉష్ట్రపక్షి ఈకల టోపీ ధరించి, బుట్టకు బాణసంచా వేలాడదీసుకొని రాత్రివేళ పైకి లేచింది. నిప్పురవ్వ హైడ్రోజన్‌కు తగిలింది. కింద ఉన్న జనంలో కొందరు అది కూడా వేడుకలో భాగమేననుకొని చప్పట్లు కొట్టారు. బెలూన్ ఒక ఇంటి పైకప్పు మీద పడి, అక్కడినుంచి ఆమె వీధిలోకి జారిపోయింది. అది ఆమె అరవై ఏడవ ప్రయాణమని లెక్క.

సోఫీనే నాయికగా తీసుకునేటట్లయితే, ఆమెకు లేని ప్రియుణ్ణి అంటగట్టవద్దని నా సలహా. చనిపోయిన మనిషి వచ్చి కాదనలేదు కదా అనే ధీమా చారిత్రక నవలకు మంచిది కాదు. ఆమెను పక్కన నిలిపి, ఆమె బుట్టను మోసే పనివాడికో, పట్టుబట్టను కుట్టే అమ్మాయికో ప్రేమకథను కల్పించవచ్చు. లేదా ఆమె పేరు విన్న మరొక కాలపు స్త్రీని నాయికను చేయవచ్చు. సందర్భం వచ్చింది కనుక ఒక సంగతి: దత్తమండలాలకు (నేటి రాయలసీమ, బళ్ళారి ప్రాంతాలకు) ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో పత్తికొండలో కలరాతో కన్నుమూసింది కూడా జూలై 6వ తేదీనే, 1827లో. ఇది గమనించిన రోజున నేను ఎగిరి గంతేసినంత పనిచేసి, నవలలో ఇరికించి, నెల తర్వాత తీసేశాను. ఇటువంటి యాదృచ్ఛికాలు చరిత్రలో ముచ్చటగా ఉంటాయి గాని, నవలలో కనబడితే పాఠకుడు రచయితను అనుమానిస్తాడు.

మన నేలకు దగ్గరి ఘటనలు రెండున్నాయి. 1889లో పెర్సివల్ స్పెన్సర్ అనే ఆంగ్లేయుడు బొంబాయి, కలకత్తాలలో బెలూన్ ప్రదర్శనలు ఇచ్చాడు. అదే ఏడాది కలకత్తాలో రామచంద్ర ఛటర్జీ ఒంటరిగా ఎగిరాడు. 1892 మార్చిలో ఢాకా నవాబు పిలుపు మీద వచ్చిన జానెట్ వాన్ టాసెల్ అనే వైమానికురాలి పారాచూట్ చెట్టుకు చిక్కుకుంది. ఆమెను వెదురు బొంగుల సాయంతో దించబోగా కిందపడి, ఆ గాయాలతో చనిపోయింది. ఆ సమాధి ఢాకాలోనే ఉంది. నవలను 1892 ఉగాది నుంచి, అంటే నందన నామ సంవత్సరం నుంచి మొదలుపెట్టాలని నేను నిర్ణయించుకున్నది ఇందువల్లనే: ఢాకా వార్త తెలిసిన తర్వాత కూడా పైకి ఎక్కడానికి సిద్ధపడే నాయికకు ధైర్యం ఎక్కడినుంచి వస్తుందో చెప్పక తప్పదు. అటువంటి బృందం ఒకటి కడపకో కర్నూలుకో వచ్చిందనేది మాత్రం కల్పనే కాబట్టి, ఆ మాటను ముందుమాటలో స్పష్టంగా ఒప్పుకోవాలి.

నాయిక ఎవరు అనే ప్రశ్నకు నా జవాబు చాలామందికి నచ్చదు. జమీందారు కూతురు, ఆంగ్లం చదివిన వకీలు కూతురు అందరికీ ముందు తోచే నాయికలు. మన ఊళ్లలో ఎత్తు తెలిసిన స్త్రీలు వేరే ఉన్నారు. దొమ్మరి కుటుంబాల ఆడవాళ్లు తరతరాలుగా ఊరి నడుమ గడ నాటి, దాని కొసకు ఎక్కి, పొట్ట ఆనించి గాలిలో తిరిగేవారు. కింద డప్పు మోగుతుంటే జనం చిల్లర విసిరేవారు. గడ ఎక్కిన పిల్ల గుమ్మటం ఎక్కడానికి మధ్య ఉన్న దూరం, మేడ మీది పిల్ల ఎక్కడానికి ఉన్న దూరం కన్నా చాలా తక్కువ. ఆ కులం పేరును తిట్టుగా వాడిన సమాజం మనది కనుక, ఆమె విద్యను విద్యగా చూపాలి, జాలి కోసం వాడుకోకూడదు. ఇది వద్దనుకుంటే ధర్మవరం పట్టునేత ఇంటి పిల్ల ఉంది: చినిగిన బెలూన్ బట్టకు అతుకు వేయడానికి పిలిచిన అమ్మాయి, చివరకు అదే బట్ట కింద వేలాడుతుంది. వితంతువును నాయిక చేసేవారు, రాజమండ్రిలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులోనని గుర్తుంచుకొని, ఆ గాలి కడప దాకా ఎంతవరకు వచ్చి ఉంటుందో నిజాయితీగా ఊహించుకోవాలి.

గ్యాసు గుమ్మటమా, పొగ గుమ్మటమా

మొదటి అధ్యాయం రాయడానికి ముందే తేల్చుకోవలసిన సాంకేతిక విషయం ఇదొక్కటే. దీనిమీదనే ప్రేమ సన్నివేశాలన్నీ ఆధారపడి ఉంటాయి.

1890ల నాటి సంచార ప్రదర్శకులు ఎక్కువగా వాడింది పొగ గుమ్మటం. నేలలో కందకం తవ్వి మంట పెట్టి, ఆ పొగనూ వేడిగాలినీ నూలు బట్టతో కుట్టిన పెద్ద సంచిలోకి పంపుతారు. పదుల మంది చుట్టూ నిలబడి తాళ్లు పట్టుకుంటారు. సంచి నిండి నిక్కబొడుచుకోగానే "వదలండి" అనే కేక పడుతుంది. దానికి బుట్ట ఉండదు, పైన మంట ఉండదు. ప్రదర్శకురాలు కింద కట్టిన ఒక కర్రను పట్టుకొని వేలాడుతూ పైకి పోతుంది, తగిన ఎత్తులో పారాచూట్‌తో విడిపోతుంది. లోపలి గాలి చల్లబడగానే సంచి పడిపోతుంది కనుక ఆకాశంలో గడిపేది కొన్ని నిమిషాలే. ఇద్దరు కూర్చొని మాట్లాడుకోవడానికి అందులో చోటు లేదు. ఈ యంత్రాన్ని ఎన్నుకుంటే ప్రేమ అంతా నేల మీద, కందకం దగ్గర, తాడు పట్టుకున్న చేతుల మధ్య జరగాలి. ఆకాశం ఆమె ఒక్కదానిదే అవుతుంది. గడ విద్య తెలిసిన నాయికకు ఇది చక్కగా అమరుతుంది.

ఒక చిన్న లెక్క కూడా అవసరం. లోపలి గాలి వేడి నూరు డిగ్రీలు ఉందనుకుంటే, బయట 25 డిగ్రీలున్న వేకువవేళ ఒక ఘనపు మీటరు వేడిగాలి సుమారు 240 గ్రాముల బరువు ఎత్తుతుంది. బయట 40 డిగ్రీలున్న కడప ఎండలో అదే గాలి సుమారు 180 గ్రాములే ఎత్తగలదు. నవలలో ప్రదర్శనను జనం కోసం మిట్టమధ్యాహ్నం పెట్టించిన కాంట్రాక్టరు, వేకువనే ఎగరాలని పట్టుబట్టే నాయిక, ఇద్దరి మధ్య రాజీ కుదర్చలేక నలిగే నాయకుడు అనే ఘర్షణ మొత్తం ఈ అరవై గ్రాముల తేడాలోనుంచి పుడుతుంది.

గ్యాసు గుమ్మటం కథకు గంటల కొద్దీ సమయాన్నీ, ఇద్దరు పట్టే బుట్టనూ ఇస్తుంది, కాని దాన్ని నింపడమే ఒక యజ్ఞం. బొగ్గు గ్యాసు కర్మాగారాలు పెద్ద నగరాల్లోనే ఉండేవి కనుక, మన ఊళ్లో హైడ్రోజన్‌ను అక్కడికక్కడే తయారు చేయాలి: ఇనుప రజను మీద నీళ్లు కలిపిన గంధకామ్లం పోస్తే ఆ వాయువు పుడుతుంది. ఇద్దరు మనుషులు, బుట్ట, వల, తాళ్లు, ఇసుక అన్నీ కలిపి 350 కిలోలు లేపడానికి సుమారు 320 ఘనపు మీటర్ల హైడ్రోజన్ కావాలి. రసాయన శాస్త్రం ప్రకారం దానికి ముప్పాతిక టన్ను ఇనుము, టన్నుంబావు పైగా ఆమ్లం పడతాయి, వృథా పోయేది అదనం. స్టేషన్ నుంచి గాజు జాడీల్లో ఆమ్లాన్ని గడ్డి పరిచిన ఎద్దుల బండ్ల మీద తెచ్చే ఊరేగింపును ఊహించుకోండి. ఒక జాడీ పగిలితే ఎద్దు కాళ్లు కాలుతాయి, బండివాడు దొర మీద తిరగబడతాడు, మధ్యవర్తిత్వానికి మన నాయకుడు రంగప్రవేశం చేస్తాడు. ఇక బట్ట: ఆ గోళానికి అడ్డకొలత ఎనిమిదిన్నర మీటర్లు, పైబట్ట సుమారు 227 చదరపు మీటర్లు. అయిదున్నర మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు ఉన్న ధర్మవరం చీరలతో లెక్కేస్తే ముప్పై అయిదు చీరలు, కుట్లకు పోయేది కలుపుకుంటే నలభై. నేతింటి పిల్లకు బెలూన్ పరిమాణం అర్థమయ్యేది మీటర్లలో కాదు, ఈ చీరల లెక్కలోనే.

హైడ్రోజన్ పక్కన నిప్పు ఉండకూడదని పాఠకుడికి తెలిసిన తర్వాత, చుట్ట కాల్చుకుంటూ బెలూన్‌ను తడిమి చూడడానికి వచ్చే ఒక పెద్దాయన చాలు, ఉత్కంఠకు దొంగలూ ఖూనీకోరులూ అక్కర లేదు. ఆయన్ను దూరంగా తీసుకుపోవడంలో ఎవరు ఎంత మర్యాద చూపారన్నది నాయకుడి గుణాన్ని పరిచయం చేసే మంచి ఉపాయం.

గాలి ఎటు తోలుతుంది

మన సీమలో గాలి వీచదు, తోలుతుంది. ఎద్దులను తోలడానికీ, గాలి తోలడానికీ ఒకే క్రియ ఉండడం ఈ నవలకు దొరికిన మరొక వరం. "గాలి యాడికి తోల్తే ఆడికే మామా, నాదేముంది" అని నాయిక చేత ఒక్కసారి అనిపించి, మళ్లీ ఆ మాటను ముట్టుకోకుండా ఉండగలిగితే మంచిది.

కథను ఏ మాసంలో పెడతారో దాన్నిబట్టి గుమ్మటం పోయే దిక్కు మారుతుంది. ఆషాఢంలో కర్నూలు, అనంతపురం మైదానాల మీద పడమటి గాలి బలంగా ఉంటుంది. ఆ గాలిలో కర్నూలు నుంచి లేచిన బెలూన్ తూర్పుగా నల్లమల వైపు, కడప నుంచి లేచినది సిద్ధవటం, లంకమల వైపు కొట్టుకుపోతుంది. అడవిలో దిగే సన్నివేశం కావాలంటే ఇది అనువైన కాలమే, కాని అంత గాలిలో సంచిని నింపడమే కష్టం. సగం నిండిన బట్ట తెరచాపలాగా మనుషులను ఈడ్చుకుపోతుంది. పుష్య, మాఘ మాసాల ఉదయాల్లో గాలి నెమ్మదిగా, తూర్పు, ఈశాన్యాల నుంచి వస్తుంది. అప్పుడు కడప నుంచి లేచిన గుమ్మటాన్ని, గాలి కొంచెం అనుకూలిస్తే, కమలాపురం, ఎర్రగుంట్ల వైపు పంపవచ్చు. మద్రాసు నుంచి రాయచూరు పోయే రైలుమార్గం కూడా అటే ఉంది. నాయకుణ్ణి రైల్వేలో తంతి గుమాస్తాను చేయడానికి నాకున్న కారణం ఇదే: పైన ఆమె, కింద పట్టాలు, పట్టాల వెంట తీగ, తీగ మీద అతని వేళ్లు, ప్రతి స్టేషన్ నుంచి "కనబడింది", "కనబడలేదు" అనే జవాబు. ఎండాకాలపు మధ్యాహ్నాలను మాత్రం వదిలేయండి. ఎర్రటి దుమ్ముతో సుడిగాలులు లేచే వేళ ఎగిరిన బెలూన్ కథ ఒక పేజీలో ముగిసిపోతుంది.

ఇతర లెక్కలను త్వరగా చెబుతాను. గాలివేగం గంటకు పదిహేను కిలోమీటర్లైతే రెండు గంటల్లో గుమ్మటం ముప్పై కిలోమీటర్లు పోతుంది. ఎద్దులబండి ఆ సమయంలో ఎనిమిది దాటదు. కాబట్టి వేకువన లేచిన నాయికను బండి మీద వెంబడించే నాయకుడు చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది, దారిలో వంకలూ కొండలూ అడ్డొస్తే దీపాలు పెట్టే వేళ అవుతుంది. అంతసేపు ఆమె పరాయి ఊళ్లో ఒంటరిగా ఏం చేసిందన్నది ఒక పూర్తి అధ్యాయం. అయిదువందల మీటర్ల ఎత్తు నుంచి మబ్బులేని ఉదయాన సుమారు ఎనభై కిలోమీటర్ల దూరం వరకు దిగంతం తెరుచుకుంటుంది. ఎత్తు పెరిగే కొద్దీ కిలోమీటరుకు ఆరేడు డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది. సూర్యుడు వెచ్చబడితే గ్యాసు ఉబ్బి బెలూన్ తనంతట తానే పైకి లేస్తుంది, మబ్బు నీడ పడితే దిగజారుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన అనుభవం నిశ్శబ్దం. బెలూన్ గాలితో కలిసి పోతుంది కనుక బుట్టలో ఉన్న మనిషికి గాలి తగలదు, కొంగు కదలదు. "ఆమె ముంగురులు గాలికి ఎగురుతున్నాయి" అని రాసిన ప్రతి చోటా కొట్టివేయండి. కింది శబ్దాలు మాత్రం పైకి స్పష్టంగా వస్తాయి: కుక్క అరుపు, రోకటి పోటు, ఎద్దు మెడలో గంట. నాయిక ఊరిని విడిచి పోతున్న క్షణాన ఆ ఊరు మరింత దగ్గరగా వినబడడం కంటే బాధగా ఏ రచయితా రాయలేడు.

ప్రేమ బరువు

1785 జూన్ 29న లండన్‌లో లెటీషియా సేజ్ అనే నటి ఎగిరింది. ఆకాశానికి లేచిన మొదటి ఆంగ్ల స్త్రీ ఆమెనే. బెలూన్ యజమాని లునార్డీ, ఆయన మిత్రుడు బిగిన్, ఈమె కలిసి పోవాలనుకున్నారు. అందరూ ఎక్కాక బెలూన్ లేవలేదు. చివరకు లునార్డీయే దిగిపోయాడు. బిగిన్‌తో పాటు ఆమె పైకి పోయింది. దీనికంటే మంచి ప్రేమ సన్నివేశపు ఎముకలగూడు నాకు దొరకలేదు. ముగ్గురు ఎక్కారు, ఒకరు దిగాలి, చుట్టూ జనం చూస్తున్నారు, ఎవరు దిగుతారన్నది త్రాసు నిర్ణయిస్తుంది. నాయిక, మేనమామ కొడుకైన బావ, తంతి గుమాస్తా అనే త్రికోణాన్ని మాటల్లో తేల్చే బదులు ఒక ఇసుక సంచి చేత తేల్చి చూడండి.

అదే ఏడాది జనవరి 7న సోఫీ భర్త బ్లాన్షార్, వైద్యుడు జెఫ్రీస్ ఇంగ్లిష్ చానెల్ దాటుతూ, సముద్రంలో పడబోయి, చేతికందినవన్నీ విసిరేసి, చివరకు ఒంటి మీది దుస్తులు కూడా విప్పి పారేశారు. మన బుట్టలో కూడా బరువు తగ్గించవలసిన ఘట్టం ఒకటి వస్తుంది. అక్కడ ప్రేమలేఖల కట్టను విసిరించవద్దు. దాని బరువు అరవీశె కూడా ఉండదు, పాఠకుడికి ఆ సంగతి తెలుసు. వెండి కడియాలు, వడ్డాణం, రాగిచెంబు, పుట్టింటి ఇత్తడి పెట్టె విసిరించండి. ఏది ముందు పోయింది, దేనికి ఆమె చేయి ఆగింది అన్న క్రమమే ఆమె మనసు. దాన్ని మళ్లీ వర్ణించవలసిన అవసరం ఉండదు.

పిలుపుల విషయంలో శ్రద్ధ వహించాలి. కడప వైపు చిన్న పిల్లను "అమ్మీ" అనీ, కుర్రవాణ్ణి "అబ్బీ" అనీ, నాయనమ్మను "జేజి" అనీ పిలుస్తారు. అనంతపురం వైపు మాట చివర "ప్పా" చేరుతుంది. వరసయ్యే మగవాణ్ణి ఆడపిల్ల "మామా" అంటుంది. ఏ వరసా లేని గుమాస్తాను మొదటి నూరు పేజీలు "అయ్యా" అంటూ వచ్చిన నాయిక, ఒకనాడు అనుకోకుండా "మామా" అనేస్తే, అంతకు మించిన ప్రేమ ప్రకటన తెలుగులో అక్కర లేదు. ఆ ఒక్క మాటను సరైన పేజీకి దాచుకోవడానికి నేను నవల నిర్మాణం మొత్తాన్ని రెండుసార్లు మార్చాను.

కాలానికి సరిపోని మాటలు

సంభాషణ ఎంత బాగున్నా ఒక్క పొరపాటు మాట కాలాన్ని చెడగొడుతుంది. 1892 నాటి పాత్ర "మన రాయలసీమ" అనరాదు. ఆ పేరు 1928 నంద్యాల సభల నాడు వచ్చింది. అప్పటి మాట దత్తమండలాలు. అనంతపురం జిల్లా బళ్ళారి నుంచి విడిపోయింది 1882లో కనుక, అంతకు ముందు కథలో దానిని జిల్లా అనకూడదు. ఈనాటి వేరుశనగ చేలను చూసి ఆనాటి నేలను ఊహించకుండా, కొర్ర, జొన్న, పత్తి, నీలిమందు చేలను పైనుంచి చూపాలి. ఇరవై ఏళ్లు పైబడిన ప్రతి పాత్రకూ 1876లో మొదలైన ధాత కరువు జ్ఞాపకం ఉంటుంది. గుప్పెడు ఇసుకను లెక్కపెట్టి పారబోసే నాయికకు గుప్పెడు గింజలను లెక్కపెట్టిన తల్లి ఉండి తీరాలి. దూరాన్ని క్రోసుల్లో, ఆమడల్లో, కాలాన్ని ఘడియల్లో, జాముల్లో, బరువును వీశెల్లో, మణుగుల్లో చెప్పించాలి. మీటర్లు, కిలోలు రచయిత లెక్కల పుస్తకంలోనే ఉండాలి. మాట పట్టుబడడానికి 1852 నాటి బ్రౌన్ నిఘంటువును రోజుకు రెండు పేజీలు చదవడం నాకు బాగా ఉపయోగపడింది. కడపలో ఆయన నివసించిన స్థలంలోనే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. అక్కడ ఒక పూట కూర్చుంటే, జిల్లా మాన్యువళ్లలో దారులు, సంతలు, వానల లెక్కలు దొరుకుతాయి. దుస్తుల వర్ణనకు నేను ఎక్కువ స్థలం ఇవ్వను. పాదాలకు అడ్డుపడకుండా చీరను కచ్చపోసి కట్టుకుందని ఒకసారి చెబితే సరిపోతుంది.

దిగడం

ఎగిరే ఘట్టం కన్నా దిగే ఘట్టాన్ని రాయడం కష్టం. 1783 ఆగస్టులో పారిస్ నుంచి మనుషులు లేకుండా వదిలిన తొలి హైడ్రోజన్ బెలూన్ గొనెస్ అనే పల్లెలో పడితే, అక్కడి రైతులు దాన్ని ఏదో భూతమనుకొని గడ్డి పంగలతో పొడిచి చీల్చారు. మన పల్లెవారు కూడా భయపడతారు గాని వారిని వెర్రివారిగా చూపవద్దు. ఆకాశం నుంచి దిగినదాన్ని చూసి కొందరు కర్రలు తీసుకుంటే, కొందరు కొబ్బరికాయ తెస్తారు, ఒక ముసలమ్మ మాత్రం పిల్లకు దాహమవుతుందని ముంతతో మజ్జిగ తెస్తుంది. లంగరు తాడు తుమ్మచెట్టుకు తగులుకోవడం, బుట్ట రెండుసార్లు నేలను తాకి ఎగరడం, కవాటం తెరిచాక బట్ట నెమ్మదిగా చేనులోకి వాలిపోవడం, ఇవన్నీ చిన్న చిన్న వాక్యాల్లో రాయాలి.

నాయకుడు బండి మీద చేరేసరికి చీకటి పడి ఉంటుంది. అప్పుడు వారి చేత ఏం మాట్లాడించాలో తోచక నేను చాలా రాత్రులు కూర్చున్నాను. చివరకు తెలిసిందేమిటంటే, అక్కడ ఒక పని మిగిలి ఉంది: తడి మంచు పడకముందే ఆ బట్టను మడత పెట్టాలి, అది ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఉతికిన చీరను మడవడానికి ఇద్దరు చెరొక కొస పట్టుకుంటారు కదా. అలాగే ఆమె ఒక అంచు, అతను ఒక అంచు పట్టుకొని, విదిలించి, ఎదురెదురుగా నడిచి, కొసలు కలిపి, మళ్లీ వెనక్కి పోవాలి. ప్రతి మడతకూ వారి మధ్య దూరం సగం తగ్గుతుంది. మొదటి మడత దగ్గర అతను "దెబ్బలేమన్నా తగిలినాయా" అని అడగవచ్చు. రెండవ మడత దగ్గర ఊరివాళ్లు లాంతరు పట్టుకొని నిలబడి ఉంటారు కనుక ఆమె జవాబు పొడిగా ఉండాలి. దాచిపెట్టిన ఆ "మామా" అనే పిలుపును ఆఖరి మడత దగ్గర, కొసలు అతని చేతుల్లో పెడుతూ, లాంతరు పట్టుకున్నవాళ్లకు వినబడనంత గొంతుతో అనిపించండి.